మూడో గొయ్యి

ఆ పొద్దున డెల్ఫా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. ఒకతె మంచం మీద, ఒకతె మంచం పక్కన, ఒకతె పొయ్యి దగ్గర. నాలుగో మనిషి ఒర్లీనా. ఆమె ఏ ఒక్క చోటా లేదు. మంచం దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్ళీ మంచం దగ్గరికి తిరుగుతూనే ఉంది.

మంచం మీదున్నది ఆమె కూతురు వెర్డీ. తొలి కానుపు. ముందురోజు మధ్యాహ్నం మొదలైన నొప్పులు తెల్లవారేసరికి చల్లబడ్డాయి. వస్తున్నాయి, పోతున్నాయి, బిడ్డ మాత్రం కదలడం లేదు. మంచం పక్కన కూర్చున్నది మహేలా అవ్వ, ఆ లోయలో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని. పొయ్యి దగ్గరున్నది డెల్ఫా, వెర్డీ అత్తగారు. ఇల్లు ఆమెది, పొయ్యి ఆమెది, ఇంట్లో ఆఖరి మాటా ఆమెదే. పొద్దస్తమానం కింది పెదవిలో పొడుం దట్టించుకునే మాట్లాడుతుంది.

డాక్టరు నదికి అవతల ఉంటాడు. ఫిబ్రవరి వరదకి వంతెన కొట్టుకుపోయింది. ఇప్పుడు మార్చి నెల, వాగులు ఇంకా తగ్గలేదు. వంతెన పోయిందన్న కబురు విన్న రోజునే ఒర్లీనా ఈ రోజుని ఊహించుకుంది. ఊహించుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత తన ఇంటినుంచి గుట్ట దాటి, నెలలు నిండకముందే వియ్యపురాలి ఇంటికొచ్చి కూర్చుంది. వచ్చేటప్పుడు పాతదుప్పట్లు చింపి, శుభ్రానికని పొయ్యి సెగకి మాడ్చి కట్టిన గుడ్డల మూట ఒకటి, అది తడిస్తే పనికొస్తుందని ఇంకొకటి, రెండు కత్తెరలు, మూడు రకాల దారాలు, ఒక పిండిసంచీ తెచ్చింది.

మంచం కింద గొడ్డలి పెట్టి ఉంది, నొప్పిని రెండుగా నరుకుతుందని. పదును పైకి ఉండాలన్నది డెల్ఫా. ఒర్లీనా ఇప్పటికి నాలుగుసార్లు వంగి చూసింది, ఎవరి కాలైనా తగులుతుందేమోనని.

డెల్ఫా కొడుకు హోబర్ట్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రానివ్వరు, బయట పని లేదు.

"అమ్మా, గొడ్డలిస్తే కాసిని కట్టెలు కొడతా."

"నీ పెళ్ళానికి కావాలి అది. పోయి చేత్తో విరుచుకురా పో."

"చేత్తో ఎట్టా విరుస్తారే?"

"పిల్లని చేతులూపుకుంటూనే కన్నావుగా. ఆ చేతుల్తోనే," అంది డెల్ఫా. వెర్డీ ఒళ్ళంతా చెమటతో ఉండి కూడా నవ్వింది.

కోడలు నవ్విందని డెల్ఫాకి హుషారొచ్చింది. "అవ్వా, నీకు మా వదిన యాపిల్ గుజ్జు కథ చెప్పానా?"

"అక్టోబర్నుంచీ చెప్తున్నావు," అంది మహేలా అవ్వ.

"ఇంకోసారి విను, ఈ పిల్లకి కాలక్షేపం. మా పెరట్లో పెద్ద రాగి బాన పెట్టుకుని యాపిల్ గుజ్జు కాస్తున్నాం. పొగ వస్తుందా రాదా? ఈ మహాతల్లి పైన అడవిలో వేళ్ళు తవ్వుకుంటోందట. పొగ చూసింది. ఇల్లంటుకుంది, కడుపుతో ఉన్న కూతురు లోపల కాలిపోతోందని, కొండమీంచి దొర్లుకుంటూ వచ్చింది. జుట్టు నిండా ఆకులు, ఒక చెప్పు లేదు. వచ్చి ఏం చేసిందో తెలుసా? బకెట్టెడు నీళ్ళు తెచ్చి గుజ్జులో పోసింది!"

"సగం బకెట్టే," అంది ఒర్లీనా.

"సగమే పోసిందిలే, మిగతా సగం నామీద పోసింది."

వెర్డీ మళ్ళీ నవ్వింది. నవ్వు మధ్యలో నొప్పి వచ్చింది. వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయింది. మహేలా అవ్వ ఆమె పొట్టమీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచి తీసేసింది. తర్వాత ఒర్లీనా వంక తిరిగింది.

"గిలక్కాడ వేరు తెచ్చానన్నావే. తియ్యి."

గిలక్కాడ అంటే ఆ కొండల్లో అందరికీ తెలుసు. జులైలో అడవి నీడలో మనిషెత్తు లేస్తుంది. కొసన తెల్లటి పూలు మూరెడు పొడుగున, కొవ్వొత్తులు నిలబెట్టినట్టు. వాసన మాత్రం బాగుండదు, దూరంనుంచి చూడాల్సిన పువ్వు. ఆకు రాలే రోజులకి కాయలెండిపోయి, గాలి వీస్తే పిల్లల గిలక్కాయలా గలగలమంటాయి. ఆ కొండల్లో తోక గలగలలాడించే విషప్పాము కూడా అలాగే చప్పుడు చేస్తుంది కాబట్టి, అడవిలో ఆ మోత వినబడితే ఎవరైనా ఓసారి ఆగుతారు. ఒర్లీనా రెండుసార్లు ఆగుతుంది. ఆ వేరు ఎండబెట్టి కాచి ఇస్తే చల్లబడిన నొప్పులు తిరిగి పుంజుకుంటాయని అక్కడి ఆడవాళ్ళ నమ్మకం.

దానికి చెల్లెల్లాంటి మొక్క ఇంకోటుంది, బొమ్మకన్ను. అదే నీడలో, అదే ఆకుతో, అలాంటి తెల్లపూలే పూస్తుంది. కాకపోతే పువ్వు పొట్టి, బొటనవేలంత గుత్తి. ఆగస్టుకి తెల్లటి కాయలు కాస్తాయి, ఒక్కో కాయకీ ఒక నల్లచుక్క, అచ్చం బొమ్మకి పెట్టిన కన్నులా. కాయకీ కాడకీ మధ్య తొడిమ ఎర్రగా, మేకులా మందంగా ఉంటుంది. కాయ విషం, వేరూ విషమే. పూసినప్పుడో కాసినప్పుడో అయితే ఎవరూ పొరబడరు. చలికి ఆకూ కాడా నేలకూలి, మొదలు దగ్గర చిన్న మొద్దు మాత్రం మిగిలినప్పుడే చిక్కు.

ఒర్లీనా పిండిసంచీ విప్పింది. అందులో మూడు వేళ్ళు, నల్లగా ముడతలు పడి, ఎర్రదారంతో కలిపి కట్టి ఉన్నాయి. డెల్ఫా వాటిని అందుకుని, ఫటఫటా విరిచి, మరిగే నీళ్ళలో వేసి మూత పెట్టింది.

ఒర్లీనా ఖాళీ సంచీ మడవబోయి, ముందు దులిపింది. ఏదో చిన్నది చప్పుడు లేకుండా నేలమీద పడింది. వంగి తీసింది. బియ్యపుగింజంత పుల్లముక్క. ఎర్రగా ఉంది. మేకులా మందంగా ఉంది.

ఆమె దాన్ని చటుక్కున గుప్పిట్లో మూసేసింది.

ఎర్రతొడిమని ఒర్లీనా మర్చిపోయే మనిషి కాదు. వెర్డీ ఐదేళ్ళప్పుడు మొక్కజొన్న పొట్టుతో బొమ్మ చేసుకుని, దానికి ఆ కాయలు కళ్ళుగా గుచ్చుకుంది. ఒర్లీనా ఆ బొమ్మని కళ్ళతో సహా పొయ్యిలో పెట్టేసి, పిల్ల నోట్లో వేలు పెట్టి, గొంతు కడిగి, రాత్రంతా ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. పిల్లకేమీ కాలేదు. రెండు రోజులు ఏడ్చిందంతే, అదీ బొమ్మ కోసం.

ఇలాంటివి చాలా ఉన్నాయి. జలుబు చేస్తే కోరింతదగ్గు అంది. పెళ్ళిరోజున చర్చి దూలం కిర్రుమందని పెళ్ళికూతుర్ని రెండడుగులు పక్కకి జరిపింది, పాదరీ గోడ వైపు తిరిగి పెళ్ళి చేయాల్సొచ్చింది. ఆమె అన్నదేదీ ఎప్పుడూ జరగలేదు. ఆ లోయలో ఒర్లీనా భయపడుతోందంటే జనం ధైర్యంగా ఉంటారు.

అందుకని ఆమె గుప్పిలి తెరవలేదు. ఇది పరాయి ఇల్లు. వేళ్ళు తెచ్చింది తను. ఇప్పుడు నోరు తెరిస్తే ఈ ముచ్చట కూడా యాపిల్ గుజ్జు పక్కన చేరుతుంది. తొడిమ గాలికి కొట్టుకొచ్చి సంచీలో పడి ఉండొచ్చు. తన చెప్పుకి అంటుకుని వచ్చి ఉండొచ్చు. కుండ మరుగుతోంది. వాసన చేదుగా, మట్టిగా ఇల్లంతా నిండింది. రంగు దిగాక డెల్ఫా మూత తీసి, కప్పులో వంచి, ఊదుకుంటూ మంచం వైపు నడిచింది.

ఒర్లీనా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏంటొదినా అడ్డం? కాలుతోంది, తప్పుకో."

"ఇవ్వొద్దు."

"ఏం, వేడిగా ఉందా? పొయ్యిమీంచి దించింది వేడిగానే ఉంటుంది మరి."

ఒర్లీనా గుప్పిలి తెరిచింది. డెల్ఫా చూసింది, ఆమెకి అర్థం కాలేదు. మహేలా అవ్వ లేచొచ్చి ఆ ముక్కని రెండు వేళ్ళతో తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. వెలుతురులో తిప్పి చూసింది. తిరిగొచ్చి డెల్ఫా చేతిలోంచి కప్పు తీసుకుని కిటికీ అరుగుమీద పెట్టి, పైన చిప్ప బోర్లించింది.

"ఇదెక్కడిది?"

"సంచీలో పడి ఉంది."

"సంచీలో ఇంకేమన్నా పెట్టావా ఎప్పుడైనా?"

"లేదవ్వా. కొత్త సంచీ. వేళ్ళకే తీశాను."

"తలలు పెట్టావా?"

అక్కడ వేరు తవ్వేవాళ్ళందరికీ ఒక పద్ధతి ఉంది. వేరు తీసిన గోతిలోనే ఆ మొక్క కాయల కొసని విరిచి పాతిపెట్టాలి, పైన రాయి ఉంచాలి, ఎలుకలు తవ్వకుండా. దాన్ని తల పెట్టడం అంటారు. తల పెట్టకుండా వచ్చినవాళ్ళని దొంగల్లా చూస్తారు. ఒర్లీనా ముప్ఫై ఏళ్ళుగా తవ్వుతోంది, ఎప్పుడూ ఆ మాట పడలేదు.

"రెండు గోతుల్లో పెట్టాను," అంది.

"వేళ్ళు మూడు కదా."

ఒర్లీనా ఖాళీ సంచీని మళ్ళీ దులిపింది. డెల్ఫా ఆమె మొహం వంకే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె నోరు కాస్త తెరుచుకుంది.

"ఆ రోజేనా?" అంది నెమ్మదిగా. "గుజ్జు రోజేనా, వదినా?"

"రెండోది అయ్యాక మూడోదానికి వంగాను. అప్పటికి కాడలు పడిపోయున్నాయి. మొద్దు చూసి తవ్వాను. వేరు చేతికొచ్చింది. తల ఎక్కడుందా అని చూడబోయేంతలో పొగ కనబడింది."

ఎవరూ నవ్వలేదు. మంచం మీంచి వెర్డీ అడిగింది, "అమ్మా, ఏమైంది?"

"ఏం లేదమ్మా," అంది ఒర్లీనా. ఏదైనా అయినప్పుడు ఆమె ఏం లేదనడం అదే మొదటిసారి. వెర్డీకి అప్పుడు భయం వేసింది.

మహేలా అవ్వ తక్కిన ఇద్దరినీ పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళి గొంతు తగ్గించింది. "ఉడికిపోయాక ముక్కలు చూసి ఎవరూ చెప్పలేరు. చుట్టుపక్కల ఎండిన వేరు ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్నవాళ్ళు నదికి అవతలున్నారు."

"పచ్చిది తవ్వుకురానా? కాడ నిలబడ్డదే చూసి తెస్తాను."

"పచ్చిది వాంతులు పట్టిస్తుంది. ఆ పిల్లకి ఇప్పుడు వాంతికి ఓపికుందా? నువ్వు పైకెళ్ళి చూసిరా. ఆ మూడోది గిలక్కాడే అయితే ఇస్తాను. కాకపోతే పారబోస్తాను. కొండనీడ పెరటి బావి దాకా వచ్చేవరకూ ఆగగలను. అప్పటికీ నొప్పులు ఇలాగే ఉంటే ఊరికే కూర్చోడం కూడా ప్రమాదమే."

"ఏమీ కనబడకపోతే?"

"అప్పుడు ఇవ్వాలో వద్దో నువ్వే చెప్పాలి. తవ్వింది నువ్వు, కూతురు నీది."

ఒర్లీనా వేళ్ళు తవ్వే కొంకి పట్టుకుని బయల్దేరింది. వాకిట్లో హోబర్ట్ ఒక పచ్చికొమ్మని మోకాలికేసి విరవడానికి పెనుగులాడుతున్నాడు.

"అత్తా, ఎక్కడికి?"

"లోపలికెళ్ళకు. కప్పు ముట్టుకోకు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని పరుగెత్తింది.

ఆమె వేళ్ళు తవ్విన కొండవాలు ఇంటి వెనకే, నిటారుగా ఉంటుంది. చెట్లకి ఇంకా చివుళ్ళు రాలేదు. రాళ్ళ వెనక, దుంగల వెనక మంచు ముద్దలు ముద్దలుగా ఉంది. కొన్ని గిలక్కాడలు శీతాకాలమంతా పడకుండా నిలబడ్డాయి, గాలికి గలగలమన్నాయి. మార్చిలో పాములు బయటికి రావని ఒర్లీనాకి తెలుసు. తెలిసీ ఆగింది. ఆగినందుకు తనని తనే తిట్టుకుని మళ్ళీ ఎక్కింది. దారి పొడవునా ఆమె బుర్ర ఊరుకోలేదు. డెల్ఫా మర్చిపోయి కప్పు ఇచ్చేసిందేమో. వెర్డీ దాహమని తానే అందుకుందేమో. చిప్ప జారిందేమో. చిప్ప జారితే మాత్రం ఏమవుతుంది అని తనకే తోచింది, అయినా చిప్ప జారడం కళ్ళకి కట్టింది.

మొదటి గొయ్యి దొరికింది. రాయి తీసి కొంకితో గీకింది. బూజు పట్టిన కాడ, దాని వెంబడి వరసగా చిన్న చిన్న తిత్తుల్లాంటి కాయలు. గిలక్కాడే. తిరిగి కప్పి రాయి పెట్టింది.

రెండో గొయ్యి ఆరడుగుల పైన. అందులో కూడా కాయలున్నాయి. తీసి చెవి దగ్గర ఊపింది. చప్పుడు రాలేదు. మళ్ళీ ఊపింది. తడిసిన కాయ మోగదని తర్వాత గుర్తొచ్చింది. ఒకటి గోటితో చీలిస్తే లోపల గింజలు వరసగా ఉన్నాయి. అదీ గిలక్కాడే.

మూడోది కూలిన తులిప్ చెట్టు దుంగ పక్కన. రాయి లేదు. ఊరికే పల్లం, దాన్నిండా కుళ్ళిన ఆకులు. గొయ్యి గీకి చూసింది. మట్టి తప్ప ఏమీ లేదు.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని ఆకులు ఒక్కొక్క పొరే ఎత్తడం మొదలుపెట్టింది. ఆ రోజు పడిపోయున్న కాడ ఇక్కడే ఎక్కడో ఉండాలి. చేతులు కొయ్యబారాయి. కాసేపటికి దుంగ వారగా పొడుగాటి కాడ ఒకటి తగిలింది. లాగింది. కొసన తిత్తులు, ఎండి, దుంగ చాటున తడవకుండా ఉన్నాయి. ఊపితే గలగలమన్నాయి.

ఒర్లీనా దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఇంక దిగిపోవచ్చు. గిలక్కాడే అని చెప్పొచ్చు. కప్పు తీసి ఇవ్వొచ్చు. నొప్పులు పుంజుకుంటాయి, బిడ్డ పుడుతుంది, తను చెప్పిన చెడు ఇదివరకట్లాగే జరగకుండా పోతుంది. ఆమెకి అలా దిగిపోవాలని చాలా అనిపించింది. లేచి నిలబడింది కూడా.

కాని ఆమెకి ఊరట ఎప్పుడూ ఒంటబట్టదు. మళ్ళీ కూర్చుంది. గోతికి ఇటువైపు ఆకులు ఇంకా ఎత్తలేదు. ఎత్తింది. అక్కడ ఇంకో కాడ ఉంది. పొట్టిది. దాని చుట్టూ మేకుల్లాంటి తొడిమలు. ఎరుపు పోయి మట్టిరంగుకి తిరిగాయి, మందం మాత్రం పోలేదు. అన్నీ బోడిగా ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం ముడుచుకుపోయిన కాయ మిగిలింది. తెలుపు పోయింది, చుక్క ఉంది. అది ఆమె వంకే చూస్తున్నట్టుంది.

ఒక గొయ్యి, రెండు కాడలు.

ఒర్లీనా పొడుగాటి కాడ మొదలు పట్టుకుని చూసింది. బొటనవేలంత లావు, ఏటవాలుగా విరిగి ఉంది. ఆ కాడ విరిగిపడిన మొద్దు తను తవ్వేసిన వేరుదే అయితే, ఆ మొద్దు ఇప్పుడిక్కడ ఉండకూడదు. కొంకితో దుంగ వారగా తవ్వింది. జానెడు లోతులో వేరు తగిలింది, బతికున్న వేరు, నల్లగా, గట్టిగా, పక్కన లేతగులాబీ రంగు మొలకలు అప్పుడే మూతి విప్పుతూ. దాని నెత్తిమీద పాత మొద్దు ఉంది, ఏటవాలుగా విరిగి. పొడుగాటి కాడని తెచ్చి ఆ మొద్దుమీద పెట్టింది. విరిగిన పళ్ళు విరిగిన పళ్ళలో సరిగ్గా కూర్చున్నాయి.

గిలక్కాడ ఇక్కడే భూమిలో ఉంది. తను తీసుకెళ్ళింది రెండోదాన్ని.

ఆమె కాసేపు ఆ అతుకుని అలాగే పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. జన్మలో మొదటిసారి తను భయపడ్డది నిజమైంది. అలా అయినప్పుడు ఏం చేయాలో ఆమెకి అలవాటు లేదు.

బతికున్న వేరుమీద మట్టి కప్పింది. పొట్టికాడ తీసుకుని కొస విరిచి, ఒక్క కన్నుతో సహా మూడో గోతిలో పెట్టింది, మట్టి తోసింది, రాయి వెతికి పైన పెట్టింది. చేస్తున్నానని ఆమెకి తెలియదు. చేతులు వాటంతటవే చేశాయి. తర్వాత లేచి కొండ దిగింది.

సగం దూరం వచ్చాక చెట్ల సందులోంచి కింద ఇల్లు కనబడింది. పొగగొట్టంలోంచి దట్టంగా, తెల్లగా పొగ లేస్తోంది, ఎన్నడూ లేనంత పొగ. ఒర్లీనా చూసింది. ఈసారి నిలబడలేదు, కేక పెట్టలేదు. కాళ్ళకింద రాళ్ళు చూసుకుంటూ దిగింది.

కొండనీడ బావిని దాటి వాకిలిదాకా వచ్చేసింది. ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. తలుపు తోస్తే పొగ మొహాన కొట్టింది. హోబర్ట్ చేత్తో విరిచిన పచ్చికొమ్మలన్నీ పొయ్యిలో బుసబుసమంటున్నాయి.

"పారబొయ్యండి," అంది ఒర్లీనా. "బొమ్మకన్నే."

పొగలోంచి డెల్ఫా గొంతు వినబడింది. "ఎవరూ ముట్టుకోలేదొదినా. ఇక్కడే కూర్చున్నాను."

ఆమె కిటికీ కింద పీటవేసుకుని, కప్పుమీద బోర్లించిన చిప్పమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఒర్లీనా వెళ్ళినప్పట్నుంచీ అలాగే ఉందని తర్వాత తెలిసింది. నీడ బావి దాటాక మహేలా అవ్వ లేచి కప్పు దగ్గరికొస్తే, "మా వదిన వచ్చేదాకా ఇది కదలదు, కావాలంటే నా చెయ్యి నరికి తీసుకో, గొడ్డలి మంచం కిందే ఉంది," అందట.

"నొప్పులెలా ఉన్నాయి?" అని అడిగింది ఒర్లీనా.

"నువ్వెళ్ళాక లేపి మంచం చుట్టూ నడిపించాను," అంది మహేలా అవ్వ. "ఓ మాదిరిగా మొదలయ్యాయి. కాచినదేదీ లేకుండానే చూద్దాం ఇంక. వచ్చి అటు భుజం పట్టుకో."

మరో రెండు గంటలు పట్టింది. తల కనబడ్డాక వెర్డీకి ముక్కే ఓపిక లేకపోయింది. మహేలా అవ్వ అటూ ఇటూ చూసి, "డెల్ఫా, నీ పొడుండబ్బీ ఇలా తే," అంది. బాతు ఈక గొట్టంలో చిటికెడు పొడుం పోసి, వెర్డీ ముక్కు దగ్గర పెట్టి, ఫూ అని ఊదింది. వెర్డీ కళ్ళు తేలేసింది. తర్వాత ఇల్లదిరిపోయేలా తుమ్మింది. రెండో తుమ్ముకి బిడ్డ బయటపడింది.

ఆడపిల్ల. పుట్టీపుట్టగానే అదీ తుమ్మింది.

"నా పొడుమే!" అంది డెల్ఫా. "చూశారా, నా పొడుమే లాక్కొచ్చింది. ఇకమీద ఎవరన్నా నా పొడుం మానమంటే ఈ పిల్లని చూపిస్తా."

ఒర్లీనా వేళ్ళు లెక్కపెట్టింది. చేతులవి పది, కాళ్ళవి పది. మళ్ళీ లెక్కపెట్టింది.

చీకటి పడకముందే కుండ సంగతి చూడాలంది ఒర్లీనా. పెరట్లో వంపేస్తే కోళ్ళు తాగుతాయి, వాగులో పోస్తే కింద ఎవరి పశువో తాగుతుంది. హోబర్ట్ చేత మోకాలిలోతు గొయ్యి తవ్వించి, కప్పు, కుండ వంపించి, మట్టి తొక్కించి, పైన బండ పెట్టించింది. మామూలుగా అయితే డెల్ఫా దీనికి ఏదో ఒకటి అని ఉండేది. కోళ్ళకి కషాయం అలవాటుందా వదినా, అనో ఏదో. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, బండ సరిగ్గా కూర్చుందా లేదా అని కాలితో నొక్కి కూడా చూసింది.

లోపల మహేలా అవ్వ చేతులు కడుక్కుంటూ అడిగింది, "మూడో గోతిలో తల పెట్టావా?"

"పెట్టాను."

"కూతురు ఇక్కడ ఇలా ఉంటే, ఆ విషప్పీడకి తల పెడుతూ కూర్చున్నావా అక్కడ?" అంది డెల్ఫా.

ఒర్లీనా ఆలోచించింది. "పెట్టకపోతే మళ్ళీ ఏమవుతుందోనని," అంది.

మహేలా అవ్వ తువ్వాలు పిండి ఆరేసింది. వెర్డీ బిడ్డని పక్కన వేసుకుని నిద్రపోతోంది. గుమ్మం దగ్గర ఆగి ఉన్న హోబర్ట్‌ని డెల్ఫా లోపలికి పిలిచింది. వాడు పెళ్ళాన్ని చూశాడు, బిడ్డని చూశాడు. తర్వాత వంగి మంచం కింద గొడ్డలి తీసుకుని, హాయిగా భుజాన వేసుకుని, కట్టెలు కొట్టడానికి బయటికి నడిచాడు.

"బాబూ," అని వెనకనుంచి పిలిచింది ఒర్లీనా. "కాలు చూసుకో."